హనోకు మాస్టారి అపశ్రుతి

వర్షములు వెనుకబట్టి శరత్తు తలయెత్తిన దినములవి. రెండు మాసములు కొండమన్ను కలసి యెఱ్ఱనై యొడ్డుల నొరసి పరుగులిడిన గోదావరి యిప్పుడు తేటపడి లంకల యిసుకతిన్నెలను మెల్లమెల్లగా బయటపెట్టుచు ఇంటిపనులన్నియు ముగించి యరుగుపై చేరగిలబడిన యిల్లాలివలె నెమ్మదించి యుండెను. లంకల నిండ రెల్లు పూచి తెల్లనై గాలి కొకవైపునకు వాలుచుండెను. కడియపు తోటలనుండి బంతిపూల బుట్టలతో తెల్లవాఱక మునుపే బయలుదేరిన బండ్లు రాజమహేంద్రవరపు పూలసంతలో సరకు దింపి ఖాళీగా వెనుకకు మరలుచుండెను. అట్టి యొకానొక యాదివారపు ప్రాతఃకాలమున రైలుకట్టకు దాపున నూతనముగా గట్టబడి సున్నపువాసన యింకను వదలని యొక కూటశాలనుండి నాలుగు స్వరశ్రేణు లొకదానితో నొకటి పెనవేసికొని వెలువడుచు దారిని బోవువారిని క్షణమాత్రము నిలువబెట్టుచుండెను.

ఆ కూటశాల మోర్మనులది. మోర్మనులనగా నెవరని యూరివారి నడిగినచో పలువురు పలువిధముల జెప్పుదురు. కాఫీ టీలు ముట్టనివారని యొకరు, ప్రభుభోజనమున ద్రాక్షారసమునకు మారుగా మంచినీళ్లు పుచ్చుకొనువారని యొకరు, తెల్లచొక్కాలు తొడిగి ఱొమ్మున నల్లని పేరుబిళ్ల తగిలించుకొని యిద్దరిద్దరుగా వీధులు తిరుగు కుఱ్ఱవాండ్ర మతమని యొకరు. ఇవి యన్నియు నిజములే. కాని వీనికంటె వింతయైన యాచార మింకొకటి వారిలో గలదు. వారికి జీతము పుచ్చుకొను బోధకుడు లేడు. సంఘమున జరుగవలసిన ప్రతి పనియు సంఘస్థులలో నెవరికో యొకరికి పిలుపు అను పేర నొప్పగింపబడును. శాఖాధ్యక్షుడు ప్రార్థించి పేరు నిర్ణయించి వేదికపై ప్రకటించును. సమ్మతించువారు కుడిచేయి యెత్తుదురు. ఒకసారి చేతులు లేచిన పిదప నా పిలుపు దేవునిదే గాని మనుష్యునిది కాదు. వారమంతయు రైలు టిక్కెట్లిచ్చు కిటికీ వెనుక గూర్చుండి ప్రయాణికుల చేత మాటలు పడు గెడ్డము ఫిలేమోనుగారు ఆదివారమున శాఖాధ్యక్షుడై వేదిక నధిష్ఠించుట యీ యాచారము వలననే.

ఇక సంగీతమను పిలుపు నేలపూడి హనోకు మాస్టారిది. ఈతడు కోనసీమలో నొక మిషను బడిపంతులు కుమారుడు. తండ్రి యింట నొక పాత హార్మోనియము కలదు. దానిలో నొక మెట్టు మూగవోయి యెంత నొక్కినను పలుకదయ్యెను. బాగుచేయించు శక్తి తండ్రికి లేకపోవుటచే ఆ స్వరము వచ్చినప్పుడెల్ల బాలుడు దానిని తన గొంతుతో పూరించి వాయించుచుండెను. ఆ లోపమే యాతనికి గురువైనది. ఆ స్వరమును వెండ్రుకవాసి తప్పక పట్టుట యభ్యాసమై క్రమముగా సప్తస్వరములును ఆతని చెవిలో రాతిపై చెక్కినట్లు నిలిచిపోయెను. పెరిగి పెద్దవాడై పట్టణమునకు వచ్చి బాలికల యున్నతపాఠశాలలో సంగీతోపాధ్యాయుడై మన సరళీస్వరములను పాశ్చాత్యుల గీతలపై చుక్కలను సరిసమానముగా నేర్పెను. ఒక సాయంకాలము తన గుమ్మమున నిలిచి యిద్దరు పరదేశపు యువకులు రెండు స్వరశ్రేణులలో పాడిన పాట విని తలుపు తీసెను. మతమునకు ముందుగా సంగీతమే యాతనిని మోర్మనును జేసినదని యెకసక్కెమాడువారు కలరు. ఆతడు కాదనలేదు.

సంఘమున జేరిన తొలిదినములలో ఆతనికొక బాధ కలిగెను. పరదేశపు రాగములకు తెనుగు మాటలు కూర్చి పాడుటచే హ్రస్వములు సాగి దీర్ఘములు నలిగి దేవుడను మాట దేవూడూ యనియు ప్రేమయను మాట ప్రెమ యనియు మారిపోవుచుండెను. సంఘస్థులు భక్తితో కన్నులు మూసి పాడుచుండగా ఆతడు బాధతో కన్నులు మూయుచుండెను. అందుచే తెనుగు మాట నడచు నడకకే రాగమును గట్టి దానికి నాలుగు గొంతుకల కూర్పు నేర్చి నలువది యేండ్లు పాటలు రచించుచు వచ్చెను. భార్య పోయిన పిదప ఆతనికి సంసారమంతయు ఆ పాటలే. పట్టణమున పాడగలవారిలో సగముమంది యాతని శిష్యులు. ఆతడు బజారున వంకాయలు బేరమాడునప్పుడు సైతము గ్రంథభాషలోనే మాటలాడునని శిష్యురాండ్రు చాటున నవ్వుకొందురు. అయినను శ్రుతి విషయమున ఆతని యెదుట నవ్వు సాహస మెవ్వరికిని లేదు. అపశ్రుతి వినబడినచో ఆతనికి అన్నములో రాయి పంటి క్రిందబడినట్లుండెడిది.

కూటశాల ప్రతిష్ఠ సమీపించెను. ఆ మహోత్సవమునకై హనోకు మాస్టారొక గీతమును రచించెను. దాహముగొన్న నేలకు నీరు నడచివచ్చుటయే దాని విషయము. తెనుగు సంఘములకొక నూతన గీతావళి సిద్ధమగుచున్నదనియు ప్రతిష్ఠనాటి పాటను ముద్రించి సముద్రముల కావల పరిశీలించు పెద్దలకు పంపెదరనియు వార్త వచ్చెను. అచ్చులో తన పాట! ముసలితనమున బుట్టిన యాశ పసితనపుటాశకంటె మొండిది. దానిని బుజ్జగించుటకు తల్లి యుండదు గదా.

గాయకబృందమున పదునాలుగురు కుదిరిరి. పదునేనవదిగా ఫిలేమోనుగారు ప్రార్థించి ప్రకటించిన పేరు పులిదిండి తబిత. ఈమె కడియపు మొక్కల తోటలో అంట్లుగట్టు పనిచేయు నిల్లాలు. భర్త మొక్కల లారీపై దూరదేశములు తిరుగుచుండగా అత్తయైన యెస్తేరమ్మతోను ఏడాది నిండని కెజియ యను కూతురితోను కాలక్షేపము చేయుచుండెను. పేరు ప్రకటింపబడగానే కూటశాలలోని చేతులన్నియు లేచెను. హనోకు మాస్టారి చేయియు లేచెను. తబిత కన్నుల నీరు గ్రమ్మెను. పాటయనిన ఆమెకు ప్రాణము. తోటలో అంటుగట్టుచు పాడును. బిందె నిండువరకు పాడును. బిడ్డను భుజముపై వేసికొని పాడును. అయితే ఆమె పాడు ప్రతి పాటయు శ్రుతికి సరిగా వేలెడు దిగువను నడచును. పైకి రాదు. ఇంకను దిగదు. గట్టుక్రింది కాలువవలె శ్రుతిని చూచుచు దాని ప్రక్కనే కడవఱకు సాగును.

అభ్యాసములు మొదలైన పిదప హనోకు మాస్టారికి నిద్రపట్టదయ్యెను. తక్కిన పదునాలుగు గొంతులు నొక్కటై లేచుచున్న చోట తబిత గొంతు వేలెడు దిగువను సంతోషముతో మ్రోగుచుండెను. ఆమెను వేఱుగా గూర్చుండబెట్టి నేర్పి చూచెను. ఆమె విని తలయూపి మహాశ్రద్ధతో మరల వేలెడు దిగువనే పాడెను. పిలుపు దేవునిది గాన తీసివేయుటకు వీలులేదు. ప్రతిష్ఠ నాలుగు దినములున్నదనగా అభ్యాసానంతరమున ఆతడామెను కిటికీ ప్రక్కకు బిలిచి మిక్కిలి మృదువైన కంఠముతో నిట్లనెను.

“సహోదరీ, నీ పిలుపు నీదే. దానిని తీసివేయుటకు నేనెవడను? అయితే పాడునప్పుడు నీవు పెదవులు మాత్రము కదలింపుము. స్వరమును వెలికి రానీయకుము. ప్రభువు హృదయమును వినును.”

తబిత ముఖమున నొప్పి కానరాలేదు. ఏదో నూతన విధి నేర్చుకొనుచున్నదాని శ్రద్ధ మాత్రము కానవచ్చెను.

“అలాగేనండి మాస్టారూ. నోరు మటుకు తెరుత్తా ఉండాలాండి?”

“తెరువవలెను. చూచువారికి పాడినట్లే యుండవలెను.”

“దానికేవుందండి. మీరు చెప్పాక ఇంక వేరే మాటేవుంటదండి” అని యామె బిడ్డను చంకనెత్తుకొని వెడలిపోయెను. ప్రభువు పేరును తన యవసరమునకు వాడుకొంటినన్న స్ఫురణ యాతనికి లేశమైనను గలుగలేదు. పైపెచ్చు ఎవరి మనస్సును నొవ్వకుండ చిక్కు విడదీసితినని యాతడు తన నేర్పును దానే మెచ్చుకొనెను.

ప్రతిష్ఠ మహావైభవముగా జరిగెను. గీతము లేచి గోడల నంటి మరల దిగునప్పుడు పరదేశమునుండి వచ్చిన పెద్దాయన కన్నులద్దుకొనెను. వెనుకవరుసలో చివర నిలిచిన తబిత పెదవులు ప్రతియక్షరమునకును తప్పక కదలెను. ఆమె ముఖమున వెలుగు తక్కినవారి ముఖములకంటె నెక్కువగానే యుండెను. స్వరము మాత్రము లేదు. హనోకు మాస్టారి చెవికి ఆ గీతమున నొక్క రాయియు తగులలేదు. తన జీవితమున అంతటి నిర్దుష్టమైన పాటను విని యెఱుగనని యాతడు నాడు ఫిలేమోనుగారితో ననెను.

రెండు మాసములు గడచెను. ఒక యాదివారము కూటము ముగిసిన పిదప ఎస్తేరమ్మ ఆవరణలో అరటిచెట్ల నీడను గూర్చుండి పిల్లను ఒడిలో ఊపుచుండెను. పిల్ల గుక్కపెట్టి యేడ్చుచుండెను. మాస్టారు మర్యాదకు దగ్గఱకు పోయి క్షేమమడిగెను. ముసలామెకు నోటి దురుసెక్కువ. మనస్సులో కల్మషము లేదు.

“మీ పాటల మాటేవో గానండి మాస్టారూ, మా యింట్లో జోలపాట పోయిందండి” అని యామె మొదలుపెట్టెను. “ఇదివరకు మా కోడలి పాట పడలేక నేను చెవుల్లో దూది పెట్టుకునేదాన్నండి. ఇప్పుడు పిల్లని పడుకోబెట్టి నోరాడిత్తది గాని ఊపిరి తప్పితే ఇంకేవీ రాదండి. పిల్ల దాని నోటికేసి చూత్తా చూత్తా ఏడుత్తాదండి. ఇదేం రోగవే అంటే, పాడేటప్పుడు పెదాలే కదపమని మాస్టారు చెప్పారంటది. తోటలోనూ అంతేనంటండి.”

హనోకు మాస్టారు చేతిలోని పుస్తకమును మూసెను. కిటికీ ప్రక్క దానాడిన మాటను ఆతడు మనస్సున మరల పలికించుకొనెను. సంగీతజ్ఞుని స్మృతి ఒక్క యక్షరమునైనను మఱువదు. పాడునప్పుడు అని యాతడనెను. ఈ గీతము పాడునప్పుడు అని యనలేదు. రెండు చిన్న మాటలు నోట రాకపోయెను. ఆ రెండు మాటలు లేని చోటున నొక స్త్రీ తన పాటలన్నిటిని మూటగట్టి విడిచిపెట్టెను. తాళమున నరమాత్ర లోపించిన శిష్యులను నిలువబెట్టి మందలించిన మనుష్యుడు తన వాక్యమున లోపించినదాని నెఱుగడయ్యెను.

ఆ దినము మొదలు ఆతనికి నిశ్శబ్దము వినబడసాగెను. ఆదివారమున గీతము పాడించుచుండగా పదునాలుగు గొంతుల నడుమ నొక చోట ఖాళీ వినబడెను. అపశ్రుతి యొక రాయి యనుకొంటిమి గదా. రాయి తీసివేసిన చోట పన్నే యూడిపోయినట్లుండెను. అట్టి సమయముననే తన గీతము గీతావళికి స్వీకరింపబడినదను వార్త సముద్రములు దాటి వచ్చెను. సంఘమంతయు ఆతనిని చుట్టుముట్టి చేతులు గలిపెను. తబితయు వచ్చి “మనపాట పుస్తకంలోకి ఎక్కిందంటగదండీ” అని మురిసిపోయెను. మనపాట యనెను. ఆతడు తల వంచుకొని యింటికి పోయి నాడు భోజనము సేయలేదు.

మోర్మనులకు దూరదేశమున బవిత్ర దేవాలయములు కలవు. వానిని ప్రవేశింపగోరువారు శాఖాధ్యక్షుని యెదుట నేకాంతమున గూర్చుండి కొన్ని ప్రశ్నలకు సమాధానము చెప్పి యోగ్యులమని యొప్పించుకొనవలెను. హనోకు మాస్టారికి ఆ ప్రశ్నలు కంఠస్థములు. ఏండ్ల తరబడి తాళము తప్పక అవునవునని చెప్పుచు వచ్చినవాడు. ఆ సంవత్సరమున ఫిలేమోనుగారు వరుసగా నడుగుచు వచ్చి నీ నడవడియంతటను యథార్థముగా నుంటివా యని యడుగగా మాస్టారు నోరు తెఱచెను. పెదవులు కదలెను. స్వరము రాలేదు. తానట్లు నోరు తెఱచి మూగవోయిన సంగతి తనకే తెలిసి ముఖమును చేతులతో గప్పుకొని దుఃఖించి జరిగినదంతయు జెప్పెను.

ఫిలేమోనుగారు తన కుర్చీని మాస్టారి దాపునకు జరుపుకొనిరి. ఆయన గొప్ప మాటలు నేర్చినవాడు కాడు.

“తీసుకున్నది తిరిగి ఇచ్చెయ్యాలండి మాస్టారూ. మన పద్ధతిలో పశ్చాత్తాపమంటే అదేగదా. ఏడిచినంత మాత్రాన అయిపోదు” అని చెప్పి “గొంతు ఎలా తిరిగి ఇస్తారో మాత్రం నాకు తెలీదండి” అనెను.

మఱునాడే మాస్టారు కడియపు తోటకు బోయెను. పచ్చని మొక్కల వరుసల నడుమ తబిత గొంతుక్కూర్చుండి కొమ్మను కొమ్మకు జేర్చి దారము చుట్టుచుండెను. చుట్టునున్న స్త్రీలు ముచ్చటలాడుచుండిరి. ఆమె పెదవులు నిశ్శబ్దముగా కదలుచుండెను. ఏ పాటయో యాతనికి పెదవులను జూడగనే తెలిసెను. అది యాతని పాటయే.

ఆతడు దాపరికము లేక యామె యెదుట నిలిచి నేరము నొప్పుకొనెను. ప్రభువు నిన్ను మూగగా నుండుమని చెప్పలేదనియు తన పాట యచ్చుకెక్కవలెనను నాశచే దానే చెప్పితిననియు ప్రభువు పేరు నూరక చేర్చితిననియు జెప్పెను. ఆమె దారము చుట్టుట మాని లేచి కొంగుతో చేతులు తుడుచుకొనెను.

“పోనిద్దురూ మాస్టారూ. దీనికోసం ఇంత ఎండలో వచ్చారా. మంచినీళ్లు తాగండి ముందు.”

క్షమాపణ యింత సులభముగా లభించునని యాతడూహింపలేదు. సులభముగా లభించిన దానితో నేమిచేయవలెనో తోచక నీళ్లు ద్రాగి ఇప్పుడొకసారి పాడుమని వేడుకొనెను. తబిత సిగ్గుపడి నవ్వి ఊపిరి పీల్చి నోరు తెఱచెను. మెడ నరములు బిగిసెను. పెదవులు కదలెను. మఱల ప్రయత్నించెను.

“రావట్లేదండి” అని యామె మెల్లగా ననెను. “అందరి పాటా పాడుచేత్తానేవో అని ఇక్కడి దాకా వచ్చి ఆగిపోతందండి.”

ఆమె వ్రేలు కంఠమును జూపుచుండెను. తానొక తలుపును మూసి తాళపుచెవిని గోదావరిలో బాఱవైచితినని హనోకు మాస్టారికి నాడు తెలిసెను. క్షమించినది. మఱచిపోయినదియు నేమో. గొంతు మాత్రము తిరిగి రాలేదు. పాపము చేసినవాడు క్షమింపబడినంత మాత్రమున పాపము తన పని మానుకొనదు.

అటుపిమ్మట ప్రభుభోజనము వచ్చినప్పుడు ఆతడు రొట్టెను ముట్టక నీటిని ముట్టక పళ్లెరమును ప్రక్కవారికందించుచు వచ్చెను. సంగీతపు పిలుపునుండి విడుదల చేయుడని యధ్యక్షుని గోరెను. ఆ సంఘమున పిలుపునకు చేతులెత్తినట్లే విడుదల నాడును కృతజ్ఞతకు చేతులెత్తుదురు. ఫిలేమోనుగారు వేదికపైనుండి నలువది యేండ్ల సేవకు కృతజ్ఞత చూపగోరువారు చేయి యెత్తుడనిరి. కూటశాలయంతయు చేతుల వనమయ్యెను. హనోకు మాస్టారు తలయెత్తి చూడరాదనుకొనియు చూచెను. తబిత తన కుడిచేయి యెత్తి చాలదని యెడమచేతితో కెజియ చిట్టిచేతిని సైతము పైకెత్తి పట్టుకొని యుండెను. చేతులెత్తి నిందించినచో ఆతడు సహించి యుండును. ఆ చిట్టిచేయిని మాత్రము సహింపలేకపోయెను.

ఆతని స్థానమున శిష్యురాలైన ప్రిస్కిల్ల వాద్యముకడ గూర్చుండెను. మాస్టారు జనుల నడుమకు దిగివచ్చి తబిత కూర్చుండు బల్లపై ఆమె ప్రక్కనే కూర్చుండుట మొదలుపెట్టెను. కొన్ని వారములు ఆమె పెదవులను గమనించెను. తనవంటి గొంతు ప్రక్కన నుండగా ఆమె గొంతు మఱింత లోనికి ముడుచుకొనిపోవుచున్నదని గ్రహించెను. తన శ్రుతిశుద్ధియే ఆమెకు కావలివాడై నిలిచినది. నాటి రాత్రి యాతనికొక యుపాయము తోచెను. తోచినంతనే భయము వేసెను.

తరువాతి యాదివారమున ప్రభుభోజనగీతము మొదలు కాగానే హనోకు మాస్టారు శ్రుతికి వేలెడు దిగువను పాడెను.

ఇది సులభమని పాఠకులు తలంపరాదు. అపశ్రుతి తెలియక పాడువానికి సులభము. అఱువదియేండ్లు నిటారుగా నడచిన గొంతును వేలెడు దించి అక్కడనే నిలుపుటకు ఆతనికి తన విద్యయంతయు కావలసివచ్చెను. తబిత పాడిన తావును స్మృతిలోనుండి వెదకి తీసి వెండ్రుకవాసి తప్పక ఆ తావుననే పాడెను. ప్రతిస్వరమును రాయిని నమలినట్లు నమలెను. ప్రిస్కిల్ల త్రుళ్లిపడి తలయెత్తి చూచి గురువుగారికి దారి చూపుటకై వాద్యమును బిగ్గరగా వాయించెను. ఆతడు దారికి రాలేదు. ముందువరుసలోని వారు వెనుదిరిగి చూచి మరల ముందునకు దిరిగిరి.

ఆ మాట పట్టణమున గుప్పుమనెను. పాపము మాస్టారికి శ్రుతి తప్పినదనిరి. వయస్సు మీఱినది చెవి మందగించినది భార్యలేని యిల్లు ఏమిచేయుననిరి. పాఠమునకు వచ్చు పిల్లల తల్లులు పరీక్షలనియు జ్వరములనియు సాకులు చెప్పి మానిపించిరి. ప్రతిష్ఠ జరిగిన మఱుసటి యేటి క్రిస్మసు మాసమున తెనుగు శాఖలన్నియు గూడు మహాసభలో ఆతని గీతమును ఆతడే పాడించవలసియుండెను. ఫిలేమోనుగారు నీళ్లు నములుచు వచ్చి ఈసారికి ప్రిస్కిల్లమ్మ పాడించునని చెప్పి యాతని ముఖమును తేరిపాఱజూచిరి.

“నిజంగానే తప్పిందాండి మాస్టారూ?”

“తప్పిన మాట నిజమే” అని హనోకు మాస్టారు బదులు చెప్పెను.

అబద్ధమాడలేదు. నిజమును జెప్పలేదు. మహాసభ నాడు తన గీతమును ఆతడు వెనుకవరుసలో గూర్చుండి వినెను. కీర్తి పోయినచో కొంత ప్రాయశ్చిత్తమైనదని మనస్సు తేలికపడునని యాతడు తలంచియుండెను. తేలిక పడలేదు. తన ప్రక్కన తబిత పెదవులు మునుపటివలెనే మూగగా కదలుచుండెను. పోయినది పోవుచునే యున్నది. రావలసినది రాలేదు.

మాఘమున నొక యాదివారము. మంచు విడువక కూటశాల కిటికీలు మసకబారి యుండెను. ఆ సంఘమున ప్రభుభోజనమునకు రొట్టెను విఱుచుచుండగా గీతము పాడుదురు. రొట్టె విఱుచుట ముగియువఱకు పాట యాగరాదు. నాడు రొట్టె గట్టిపడి విఱుచువారి చేతులకు లొంగకుండెను. చరణములన్నియు నైపోయెను. ప్రిస్కిల్ల మరల మొదటినుండి వాయించెను. జనులలో ననేకులు పుస్తకములు మూసియుండిరి. కొందరు పాడిరి. కొందరు మానిరి. పలుచబడిన యా పాట నడుమ హనోకు మాస్టారి యపశ్రుతి దిగంబరమై నిలిచెను. వెనుక బల్లపై యువకుడొకడు నవ్వు నాపుకొనజాలక దగ్గెను. ఆ దగ్గు వృద్ధుని వీపున దెబ్బవలె తగిలెను. సిగ్గుచే ఆతని గొంతు నిజముగానే వణకెను. దించి నిలిపిన స్వరము పట్టుదప్పి విఱుగనుండెను.

అప్పుడు తబిత నిద్రపోని కెజియను ఎడమభుజమునుండి కుడిభుజమునకు మార్చుకొనెను. ఆతనివైపు కొంచెము జరిగెను. ముందుగా నొక ఊపిరి వినవచ్చెను. పిదప చిరకాలము మూసియుంచిన తలుపు కీచుమనినట్లు బొంగురుగా నొక స్వరము వెలువడెను. తరువాతి మాటకు కొంత తేరుకొనెను. చరణము సగమగునప్పటికి నిండుగా లేచెను. వేలెడు దిగువను. సరిగా వేలెడు దిగువను.

హనోకు మాస్టారి కన్నులనుండి నీరు కారెను. గొంతు మాత్రము కదలక ఆ తావునే పట్టుకొని యామెకు తోడు నడచెను. రొట్టె విఱుగు వఱకు ఆ యిద్దరును అట్లే పాడిరి. కెజియ తల్లి కంఠమున జెవి యానించి కన్నులు విప్పి విని కొంతసేపటికి నిద్రపోయెను.

కూటము ముగిసిన పిదప అరటిచెట్ల కడ తబిత యాతనిని సమీపించి తన గొంతు వచ్చిన ముచ్చట యెత్తక ఆతనిని ఓదార్చుటకు మొదలుపెట్టెను.

“మీరు బాధపడకండి మాస్టారూ. మీరొక్కరూ అలా పాడతా ఉంటే చూళ్లేకపోయానండి. ఇద్దరం కలిసి తప్పితే అంత తెలీదండి.”

నిజము చెప్పుటకు ఆతని నోరు తెఱచుకొనెను. చెప్పినచో ఆ గొంతు మరల లోనికి పోవును. చెప్పనిచో ఆ సాధ్వి కరుణను మోసముచే గడించినవాడగును. ఆతడు పెదవులు మాత్రము కదలించి నమస్కరించి వెడలిపోయెను.

ఒక మెత్తని మాటచే మూతపడిన నోరు ఒక కఠోరమైన యబద్ధముచే తెఱువబడెను. ఈ రెంటిని తూచు త్రాసు మనుష్యుల యొద్ద లేదు. హనోకు మాస్టారు నేటికిని ఫిలేమోనుగారి యెదుట గూర్చుండి యథార్థుడవా యను ప్రశ్నకు అవునని చెప్పలేదు. నీటి పళ్లెరము వచ్చినప్పుడు దానిని రెండుచేతులతో బట్టి తబితకందించును. పాట వచ్చినప్పుడు ఆమె తావునకు దిగివచ్చి ఆమెతో గలసి పాడును. ఆ స్వరము తాకినప్పుడెల్ల ఆతని చెవి మునుపటివలెనే నొచ్చుచున్నది. ఆ నొప్పి తగ్గవలెనని యాతడెన్నడును ప్రార్థింపలేదు.